సముద్రం ఎరగని సీమవాళ్లకు సునామీ గురించి

మీరు అడిగింది ఇదీ: మాది కర్నూలు. మా అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది, తిరువాన్మియూరులో బీచ్‌కు రెండు వీధుల ఇవతల గది తీసుకున్నాడు. అప్పటినుంచి మా ఇంటావిడకు సునామీ టెన్షన్ పట్టుకుంది. అది అసలు ఎందుకొస్తుంది, వస్తే ఏం చేస్తుంది, ముందే తెలుస్తుందా? పెద్దది వస్తే కర్నూలు దాకా వస్తుందని ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, నిజమేనా?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. రాదు. కర్నూలు సముద్ర మట్టానికి 270 మీటర్ల ఎత్తులో ఉంది. అనంతపురం అంతకంటే ఎత్తు, 300 దాటుతుంది. కడప మన మూడింటిలో పల్లం, అయినా 130 మీటర్ల పైమాటే, పైగా తూర్పున వెలిగొండలు అడ్డం ఉన్నాయి. 2011 మార్చి 11న జపాన్‌ను ముంచిన సునామీలో నీళ్లు అన్నిటికంటే పైకి ఎక్కిన చోట కూడా దాదాపు 40 మీటర్లే. కాబట్టి ఆ మెసేజ్ డిలీట్ చేసి, చెల్లెమ్మను కర్నూలు గురించి నిశ్చింతగా ఉండమనండి.

అబ్బాయి విషయం వేరు. అది వివరంగా మాట్లాడుకోవాలి. నేను ముప్పై ఏళ్లు కర్నూలులో పిల్లలకు భూగర్భ శాస్త్రం చెప్పాను. నా అనుభవంలో సునామీ గురించి మనవాళ్లకున్న భయం కంటే, మనవాళ్లకున్న బొమ్మే ఎక్కువ ప్రమాదం. సునామీ అనగానే తాటిచెట్టంత అల విరుచుకుపడుతున్నట్టు ఊహించుకుంటాం. అలాంటి అల కనబడితే పరుగెత్తొచ్చులే అనుకుంటాం. తీరంలో పుట్టి పెరిగినవాడికి నీటి పోకడలో తేడా కొంతైనా తెలుస్తుంది. మనం ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి సముద్రం చూసేవాళ్లం. ఏది మామూలో, ఏది కాదో మనకు తెలియదు.

ముందు కారణం చూద్దాం. ఇంట్లో ఈతచాప ఉంటే పరవండి. ఒక అంచును అరికాలితో నేలకు గట్టిగా నొక్కిపట్టి, కాలు ఎత్తకుండా మెల్లగా ముందుకు తొయ్యండి. కాలి ముందు చాప ఉబ్బుతుంది. ఇంకా తోస్తే ఒక దశలో అంచు కాలి కిందినుంచి చివుక్కున జారిపోతుంది. అంచు వెనక్కు ఎగురుతుంది, ముందున్న ఉబ్బు కూలిపోతుంది. సుమత్రా, అండమాన్ దీవుల పక్కన సముద్రం అడుగున జరిగేది సరిగ్గా ఇదే. భూమి పైపొర ఫలకాలనే పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. మనం నిలబడి ఉన్న భారత ఫలకం అక్కడ తూర్పున ఉన్న ఫలకం కిందికి ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున దూరుతోంది. సాఫీగా దూరదు. రాయికి రాయి పట్టుకుని, పైనున్న ఫలకం అంచును తనతోపాటు కిందికి లాగుతూ వందల ఏళ్లు గడుపుతుంది. పట్టు తప్పిన రోజున అంచు పైకి లేస్తుంది.

2004 డిసెంబర్ 26, ఆదివారం, మన టైమ్ ప్రకారం ఉదయం 6 గంటల 28 నిమిషాలకు ఆ పట్టు తప్పింది. తీవ్రత 9.1. పగులు సుమత్రా దగ్గర మొదలై, ఉత్తరంగా అండమాన్ల మీదుగా 1,200 కిలోమీటర్లకు పైగా చీలుకుంటూ పోయింది. కర్నూలు నుంచి కాశీకి తిన్నగా గీత గీస్తే ఎంతో, దాదాపు అంత. ఎనిమిది, పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఆ పొడవునా సముద్రపు అడుగు కొన్ని మీటర్లు ఎగిరింది, దాని మీదున్న నీళ్లు మొత్తం దానితోపాటు లేచాయి.

అక్కడే ఉంది అసలు కిటుకు. గాలికి లేచే అల పైపైనే కదులుతుంది, కాస్త లోతుకు పోతే కింది నీటికి దాని సంగతే తెలియదు. సునామీలో అడుగు నుంచి పైదాకా నీరంతా కదులుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట అది గంటకు 700 కిలోమీటర్ల వేగంతో పోతుంది, అంటే విమానం వేగం. అయినా పైన ఏమీ కనబడదు. 2004లో బంగాళాఖాతం మీదుగా వెళ్లిన జేసన్ అనే ఉపగ్రహం కొలిస్తే, నడిసముద్రంలో దాని ఎత్తు అర మీటరు పైచిలుకు మాత్రమే. అందుకే ఆ రోజు లోతు నీళ్లలో వేటాడుతున్న పడవలవాళ్లకు తమ కిందినుంచి ఏం పోయిందో తెలియలేదు. ఒడ్డుకు తిరిగొచ్చి చూస్తే ఊరు లేదు.

తీరం దగ్గర నీళ్లు పలచబడే కొద్దీ దాని వేగం తగ్గుతుంది. పది మీటర్ల లోతులో గంటకు 36 కిలోమీటర్లు. ముందు భాగం నెమ్మదించింది, వెనక వందల కిలోమీటర్ల పొడవున్న నీళ్లు ఇంకా జోరుగా వస్తున్నాయి. టోల్‌గేట్ దగ్గర ముందు లారీ ఆగితే వెనక బండ్లు ఒకదానికొకటి ఆనుకున్నట్టు నీళ్లు కుప్పబడి ఎత్తు పెరుగుతాయి. ఆ తర్వాత వచ్చేది అల అనడం కంటే వరద అనడం సబబు. మామూలు అల పది సెకన్లలో వచ్చి వెనక్కు పోతుంది. సునామీ పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట లోపలికి వస్తూనే ఉంటుంది. వచ్చినవన్నీ మళ్లీ అంతసేపూ వెనక్కు లాగుతాయి. తర్వాత రెండోది, మూడోది. జపాన్ భాషలో సునామీ అనే మాటకు రేవులోని అల అని అర్థం. వేటకు పోయినప్పుడు నడిసముద్రంలో ఏమీ కనబడక, తిరిగొచ్చేసరికి రేవు నాశనమై కనబడ్డ జాలరులు పెట్టిన పేరని చెబుతారు.

ఇది వరద అని నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. వరద మనకు తెలుసు. 2009 అక్టోబర్ 2న మీరు కర్నూలులోనే ఉండి ఉంటే ఇంకా బాగా తెలుసు. మా ఇల్లు అప్పుడు పాతబస్తీలో ఉండేది. తుంగభద్ర పొంగుతోందని నేనూ, పక్కింటి ఆయనా వీధి చివర నిలబడి నది వైపే చూస్తున్నాం. నీళ్లు మా వెనక నుంచి వచ్చాయి. నిండుగా పారుతున్న తుంగభద్ర, ఊళ్లోనే తనలో కలిసే హంద్రీ ఏటిని లోపలికి రానివ్వలేదు. హంద్రీ నీళ్లు వెనక్కు ఎగదన్ని సందుల్లోకి, మురుగు కాలువల్లోకి ఎక్కాయి. మా ఇంట్లో మొదట తడిసింది స్నానాల గది. జాలీలోంచి నల్ల నీళ్లు బుడబుడమంటూ పైకి వచ్చాయి. పావుగంటకు మోకాళ్లు, ఇంకో అరగంటకు నడుము. మిద్దె ఎక్కాం. ఆ రాత్రంతా కింద గదిలోంచి టంగ్ టంగ్ మని ఒకటే చప్పుడు. గ్యాస్ సిలిండర్ నీళ్ల మీద తేలుతూ ఇనుప తలుపుకు కొట్టుకుంటోంది. నిండు సిలిండర్ తేలుతుందని పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పేవాణ్ణి, ఆ చప్పుడు మాత్రం ఆ రాత్రే విన్నాను. నీళ్లు తీశాక గదిలో మోకాలి లోతు బురద. ముప్పై ఏళ్లుగా ఏరుకొచ్చిన రాళ్లు, చీటీలు ఊడిపోయి, ఏది ఎక్కడిదో తెలియకుండా అందులో కలిసిపోయాయి.

ఇప్పుడు ఆ నీళ్లే గంటల తరబడి కాకుండా పది నిమిషాల్లో, పరుగెత్తే మనిషి వేగంతో వచ్చాయనుకోండి. అదీ సునామీ. ఒక ఘనపు మీటరు నీళ్ల బరువు వెయ్యి కిలోలు. నీటి వేగం రెండింతలైతే అది తోసే బలం నాలుగింతలు అవుతుంది. అందుకే మోకాలి లోతు ప్రవాహం కూడా నిలబడ్డ మనిషిని పడేస్తుంది. పైగా వచ్చేవి నీళ్లే కావు. పడవలు, కార్లు, దూలాలు, రేకులు, గోడల ముక్కలు ఆ నీళ్లలో కలిసి వస్తాయి. సునామీలో చనిపోయినవాళ్లు అందరూ మునిగిపోయి చనిపోలేదు. చాలామంది వీటి మధ్య నలిగిపోయారు. ఈత వచ్చినా అందులో పెద్దగా పనికిరాదు. వచ్చేటప్పుడు బతికినవాళ్లను వెనక్కు పోయే నీళ్లు సముద్రంలోకి ఈడ్చుకుపోయాయి.

నీటి దెబ్బకు కొన్నాళ్ల తర్వాత కూడా కనబడే గుర్తు ఇసుక. 2021 నవంబర్ 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి గదా, కొన్ని వారాల తర్వాత నేను అటు వెళ్లాను. వరి మడి అని చూపించిన చోట మడి లేదు. ఏటి ఇసుక పరుచుకుని ఉంది. పార పెట్టి తవ్వి చూశాను. జానెడు, రెండు జానల కింద గానీ నల్లమట్టి తగల్లేదు. ఆ మట్టిలో వరి మొదళ్లన్నీ ఒకే వైపు, నీళ్లు పోయిన వైపు, పడుకుని ఉన్నాయి. ఆ ఊళ్లవాళ్లు చూసింది సునామీ కాదు, కానీ రాయలసీమలో సునామీకి దగ్గరగా ఉన్నది ఎవరైనా చూశారంటే వాళ్లే చూశారు. కట్ట తెగి వచ్చే నీళ్లు ఎలా ఉంటాయో వాళ్లను అడిగితే ఏ శాస్త్రవేత్తా చెప్పలేనంత చెబుతారు.

సునామీ కూడా పొలాల మీద అలాగే ఇసుక పొర వదిలి పోతుంది. పాత సునామీలను మేము కనిపెట్టేది ఈ పొరలను చూసే. థాయ్‌లాండ్‌లో ఫ్రా థాంగ్ అనే దీవిలో తవ్వితే 2004 నాటి ఇసుక కింద నల్లమట్టి, దాని కింద అలాంటిదే ఇంకో ఇసుక పొర దొరికాయి. లెక్క కడితే అది ఆరేడు వందల ఏళ్ల నాటిది. అంటే ఇంత పెద్దది అక్కడ ఇంతకు ముందూ వచ్చింది, కానీ చెప్పడానికి ఎవరి జ్ఞాపకంలోనూ మిగల్లేదు. ఎవరికీ గుర్తులేని ప్రమాదం కాబట్టే 2004లో 14 దేశాల్లో రెండు లక్షల ఇరవై వేల మందికి పైగా పోయారు.

జ్ఞాపకం మిగిలిన చోట ఏమైందో కూడా చెప్పాలి. పగులు మొదలైన చోటికి బాగా దగ్గరలో సిమెలూ అనే దీవి ఉంది. అక్కడ 1907లో ఒక సునామీ వచ్చి ఎంతోమంది పోయారు. అప్పటినుంచి స్మాంగ్ అనే మాటను అవ్వలు పిల్లలకు జోలపాటల్లో, కథల్లో చెబుతూ వచ్చారు. నేల గట్టిగా ఊగితే, సముద్రం వెనక్కు పోతే కొండెక్కమని దాని అర్థం. 2004లో ఆ దీవిలో 70 వేల మందికి పైగా ఉన్నారు. సునామీకి చనిపోయినవాళ్లు ఏడుగురు. సైరన్ లేదు, ఫోన్ లేదు, ఒక్క మాట ఉంది. ముప్పై ఏళ్ల నా పాఠాలన్నీ కలిపినా ఆ అవ్వల మాట ముందు తక్కువే అని నేను నమ్ముతాను.

మన వైపు ఏం జరిగిందో చూడండి. ఆ రోజు ఉదయం ఆరున్నర దాటాక చెన్నైలో చాలామందికి ఇల్లు ఊగినట్టు అనిపించింది. అపార్ట్‌మెంట్ల నుంచి కిందికి దిగారు, కాసేపు మాట్లాడుకుని మళ్లీ పైకి వెళ్లారు. చెన్నైకి, భూకంపం మొదలైన చోటికి మధ్య దాదాపు రెండు వేల కిలోమీటర్లు. తొమ్మిది గంటల ప్రాంతంలో నీళ్లు తాకాయి. రెండున్నర గంటల సమయం మన చేతిలో ఉంది, కానీ ఎవరికీ ఎవరూ చెప్పలేదు, చెప్పే ఏర్పాటే లేదు. ఆదివారం కాబట్టి మెరీనాలో నడకకు వచ్చినవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు. క్రిస్మస్ మర్నాడు కాబట్టి వేళాంకణ్ణిలో యాత్రికులు. పౌర్ణమి కాబట్టి మన మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో సముద్ర స్నానాలకు వచ్చినవాళ్లు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా చనిపోయారు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల దాకా పోయారు. ఆ తీరంలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ పోయారు. వేట చేపల కోసం ఒడ్డున ఎదురుచూస్తున్నది వాళ్లు, పిల్లల చేతులు పట్టుకున్నది వాళ్లు, చీరకట్టుతో నీళ్లలో చిక్కుకున్నది వాళ్లు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెయ్యి ఆగుతుంది.

బతికినవాళ్లకూ నష్టం అక్కడితో తీరలేదు. బావుల్లో ఉప్పునీళ్లు, పొలాల్లో ఉప్పు తెట్టె. మంచి వానలు పడి ఉప్పు కడుక్కుపోయేదాకా వరి సరిగా పండలేదు. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో పంపుల గదిలోకి నీళ్లు వస్తే రియాక్టర్‌ను క్షేమంగా ఆపగలిగారు. జపాన్‌లోని ఫుకుషిమాలో 2011లో ఆ అదృష్టం లేకపోయింది. చల్లబరిచే పంపులకు కరెంటు ఇచ్చే జనరేటర్లు మునిగి ఇంధనం కరిగింది. గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ దగ్గర నేలే నాలుగు మీటర్లకు పైగా కిందికి దిగింది. అక్కడి లైట్‌హౌస్ మొదలు ఇప్పుడు నీళ్లలో ఉంది.

ఒక అపోహ ఇక్కడే తీర్చాలి, ఎందుకంటే ఇది ప్రాణాల మీదికి తెచ్చేది. సునామీకి ముందు సముద్రం వెనక్కు పోతుందని అందరూ చెబుతారు. అన్నిసార్లూ పోదు. చాపను గుర్తు చేసుకోండి. అంచు ఎగిరిన వైపు ముందు పోటు వస్తుంది, ఉబ్బు కూలిన వైపు ముందు నీళ్లు వెనక్కు పోతాయి. 2004లో ఉబ్బు కూలిన వైపు థాయ్‌లాండ్, ఎగిరిన వైపు మనం. అక్కడ ముందు సముద్రం వెనక్కు పోయింది. మన తీరానికి ముందు నీళ్లే వచ్చాయి. వాటి వెనక సముద్రం తగ్గినప్పుడు, అయిపోయిందనుకుని చూడ్డానికి దిగినవాళ్లను తర్వాతిది పట్టుకుపోయింది. అబ్బాయికి ఇది బాగా చెప్పండి. వెనక్కు పోతే పరుగెత్తాల్సిందే, కానీ వెనక్కు పోలేదు గదా అని నిలబడకూడదు.

ఉప్పెన, సునామీ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది ఉప్పెన. తుపాను గాలి సముద్రాన్ని నేల మీదికి నెట్టింది. దానికి ముందు ఆకాశం చెబుతుంది, గాలి చెబుతుంది, ఇప్పుడైతే రోజుల ముందే టీవీ చెబుతుంది. సునామీకి వాతావరణంతో పని లేదు. 2004 డిసెంబర్ 26న చెన్నైలో ఎండ కాస్తోంది.

సముద్రంలో వచ్చే ప్రతి భూకంపానికీ సునామీ రాదు. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రా పక్కన 8.6 తీవ్రతతో వచ్చింది. చెన్నైలో జనం రోడ్ల మీదికి వచ్చారు, మెరీనా ఖాళీ చేయించారు. చెప్పుకోదగ్గ సునామీ రాలేదు. కారణం, అక్కడ రాళ్లు పైకీ కిందికీ కాకుండా పక్కలకు జరిగాయి. నీటిని ఎత్తేవాళ్లు లేకపోతే అల లేదు. ఇంకోవైపు, భూకంపం లేకుండానూ వస్తుంది. 2018 డిసెంబర్ 22 రాత్రి ఇండోనేషియాలో అనక్ క్రకటావా అగ్నిపర్వతం పక్క విరిగి సముద్రంలో పడితే నాలుగు వందల మందికి పైగా పోయారు. కొండచరియ పడినా నీళ్లు లేస్తాయి. 1958లో అలాస్కాలోని లిటుయా అనే ఇరుకు అఖాతంలో భూకంపానికి కదిలిన కొండచరియ పడితే ఎదురు గట్టు మీద నీళ్లు 524 మీటర్ల ఎత్తుకు ఎగజిమ్మాయి. ఆ ఒక్క అంకె పట్టుకునే అలాంటి వాట్సాప్ మెసేజ్‌లు పుడతాయి. అది ఇరుకు లోయలో, ఆ ఒక్క గట్టు మీద ఎగిరిన నీరు. దేశాలు దాటుకుంటూ వచ్చే సునామీకి ఆ లెక్క వర్తించదు.

ఇక ముందే తెలుస్తుందా అంటే, భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చాక సునామీ వస్తుందా, ఎక్కడికి ఎప్పుడు వస్తుందో చెప్పగలరు. ఆ పని చేసే కేంద్రం మనకు దగ్గరలోనే, హైదరాబాద్‌లో ఉంది. ఇన్‌కాయిస్ అంటారు. 2007 అక్టోబర్ నుంచి రాత్రీ పగలూ పనిచేస్తోంది. భూకంపం వచ్చిన పది నిమిషాలకు మొదటి సమాచారం ఇస్తారు. సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలు, రేవుల్లోని నీటిమట్టం కొలిచే యంత్రాలు చూసి, అల పుట్టిందో లేదో తేల్చి తర్వాతి మాట చెబుతారు. మన దేశానికి పెద్ద సునామీని పంపగలిగే చోట్లు ముఖ్యంగా రెండు. తూర్పున సుమత్రా–అండమాన్, పడమర పాకిస్తాన్, ఇరాన్ తీరంలోని మక్రాన్. మక్రాన్‌లో 1945 నవంబర్ 28న పుట్టింది ముంబై దాకా వచ్చింది. చెన్నైకి సుమత్రా నుంచి రెండు గంటలకు పైగా దూరం. అండమాన్ల దగ్గర పుడితే ఇంకా తక్కువ సమయమే ఉంటుంది. ఏదైనా 2004లో లేని గడువు ఇప్పుడు మీ అబ్బాయికి ఉంది. ఫోన్‌కు వచ్చే ప్రభుత్వ హెచ్చరికలను ఆఫ్ చేసుకోవద్దని చెప్పండి, ఆ శబ్దం చిరాకనిపించినా సరే.

గది మార్చుకోవాలా అంటే, నేనైతే మార్చుకోమని చెప్పను. 2004లో చెన్నైలో నీళ్లు చాలాచోట్ల తీరం నుంచి కొన్ని వందల మీటర్లలోనే ఆగాయి. లోపలికి ఎక్కువగా పోయింది అడయార్, కూవం నదుల నోళ్ల గుండా. హంద్రీ మా స్నానాల గదిలోకి వచ్చినట్టే. అందుకే తప్పించుకునేటప్పుడు నది వెంట, కాలువ వెంట పోకూడదు. బండి తియ్యకూడదు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అదే సమాధి. నడిచి పోవాలి. దూరం పోయే వీలు లేకపోతే గట్టి కాంక్రీట్ బిల్డింగ్ మూడో అంతస్తు ఎక్కాలి. ఎక్కినవాడు మొదటి నీళ్లు తీయగానే దిగకూడదు. గంటల తరబడి వస్తూనే ఉంటాయి, అధికారులు చెప్పేదాకా పైనే ఉండాలి.

మీరూ చెల్లెమ్మా అబ్బాయిని చూడ్డానికి పోయినప్పుడు, బీచ్‌కు పోకముందే ఒక సాయంత్రం ముగ్గురూ కలిసి గది నుంచి పడమటి వైపు నడవండి. రెండు కిలోమీటర్లకు ఎన్ని నిమిషాలు పట్టిందో, దారిలో ఏ కాలువ అడ్డమొచ్చిందో, తలుపు తీసి ఉండే నాలుగంతస్తుల బిల్డింగ్ ఏది ఉందో చూసుకోండి. ఆ తర్వాత సముద్రం చూడ్డానికి పోండి. పొద్దు పొడిచేటప్పుడు తిరువాన్మియూరు తీరం చాలా బాగుంటుంది.